దానము, బదులు, గిడ్డంగి తాళపుచెవి: ట్రిస్టన్ డా కున్యా ద్వీపములో పరస్పర సహాయము

బీదలకు సహాయము చేయుట సంఘ పరిచర్యలో భాగమని మన వేదాంత కళాశాలలన్నిటిలో బోధిస్తారు. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, లెక్కలు ఎలా వ్రాయాలి అనే విషయాలకు కూడా కొంత సమయము కేటాయిస్తారు. పుచ్చుకొన్న మనిషి మరునాడు వీధిలో ఎదురైనప్పుడు ఇచ్చినవాని ముఖములోకి ఎలా చూస్తాడు అనే ప్రశ్న మాత్రము పాఠ్యప్రణాళికలో సాధారణంగా కనబడదు. పెద్ద పట్టణములో ఈ ప్రశ్న నుండి తప్పించుకోవచ్చు. ఇచ్చినవాడు ఒక పేటలో, పుచ్చుకొన్నవాడు మరొక పేటలో ఉంటారు. పల్లెలో అలా వీలు పడదు. చుట్టూ వేల కిలోమీటర్ల సముద్రమే తప్ప పొరుగూరు లేని చోట అసలే వీలు పడదు. అటువంటి ఒక ఊరిలో రెండు వందల సంవత్సరాలుగా సహాయము అనేది ఎలా నడిచింది, అక్కడికి బయటినుండి వచ్చిన దానము ఏమి చేసింది అనే సంగతిని ఈ వ్యాసములో పరిశీలించదలచాము.

ద్వీపము, దాని ఆరంభము

ట్రిస్టన్ డా కున్యా దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రములోని అగ్నిపర్వత ద్వీపము. కేప్‌టౌన్ నుండి సుమారు 2,800 కిలోమీటర్లు, దగ్గరి జనావాసమైన సెయింట్ హెలీనా నుండి సుమారు 2,400 కిలోమీటర్ల దూరములో ఉన్నది. విమానాశ్రయము లేదు. కేప్‌టౌన్ నుండి ఓడలో దాదాపు వారము ప్రయాణము, అదీ సముద్రము అనుకూలిస్తే. ఉన్న ఒకే ఊరి పేరు ఎడిన్‌బరో ఆఫ్ ద సెవెన్ సీస్. అక్కడివారు దానిని 'సెటిల్‌మెంట్' అనే పిలుస్తారు. జనాభా దాదాపు 220. బ్రిటిష్ పాలనలోని ప్రాంతము.

1506లో పోర్చుగీసు నావికుడొకడు ఈ ద్వీపమును చూసి తన పేరు పెట్టాడు గాని, దిగి కాపురముండలేదు. నెపోలియన్ సెయింట్ హెలీనాలో బందీగా ఉన్న రోజులలో, ముందు జాగ్రత్తగా 1816లో బ్రిటిష్ వారు ఇక్కడ సైనిక దళమును దింపారు. మరుసటి సంవత్సరమే దానిని ఉపసంహరించారు. అప్పుడు విలియమ్ గ్లాస్ అనే కార్పొరల్ తన భార్యాపిల్లలతో అక్కడే ఉండిపోవుటకు అనుమతి పొందాడు. ఇద్దరు తాపీమేస్త్రీలు ఆయనతో నిలిచారు. 1817 నవంబరు 7న వారు ఒక ఒప్పందము వ్రాసుకొన్నారు. పశువులు, సరుకులు అందరికీ సమానముగా చెందాలి, లాభము సమానముగా పంచుకోవాలి, ఎవరూ మరొకరిపై అధికారము చేయరాదు అనేవి దానిలోని ముఖ్యాంశములు. సైన్యములో పై అధికారి మాట దాటని అలవాటున్న మనుష్యులు, పై అధికారి లేని ఊరు కావాలని కాగితము మీద వ్రాసుకొనుట గమనింపదగినది.

1827లో సెయింట్ హెలీనా నుండి ఐదుగురు స్త్రీలు వచ్చారు. తరువాత ఓడలు పగిలి ఒడ్డుకు చేరినవారు కొందరు కుటుంబాలలో కలిశారు. 1892లో 'ఇటాలియా' అనే ఓడ పగిలినప్పుడు ఇటలీలోని కమోలీ పట్టణపు నావికులు ఇద్దరు అక్కడే ఉండిపోయారు. నేటి ద్వీపపు ఆసుపత్రికి ఆ పట్టణము పేరే ఉన్నది.

పంపకము వేరు, బదులు వేరు

ఆ ఒప్పందమును చదివిన పాఠకులు ఈ ఊరు ఆది సంఘము వలె సమస్తమును సమష్టిగా ఉంచుకొన్నదని తలంచవచ్చు. కొందరు యాత్రికులు అలాగే వ్రాశారు కూడా. వాస్తవము అది కాదు. ఉమ్మడి ఆస్తి పద్ధతి ఎక్కువ కాలము నిలవలేదు. ఇళ్లు వేరయ్యాయి, పశువులు వేరయ్యాయి, బంగాళదుంప మడులు వేరయ్యాయి. నిలిచినది రెండవ సూత్రము, అంటే ఒకరిపై ఒకరు అధికారము చేయరాదనేది.

ఈ తేడాను స్పష్టముగా చూపినవాడు పీటర్ మంచ్ అనే సామాజిక శాస్త్రవేత్త. 1937-38లో నార్వే నుండి వచ్చిన శాస్త్రీయ బృందములో ఆయన సభ్యుడు. తరువాత 1960లలో మరల ద్వీపమునకు వెళ్లి పరిశీలించాడు. ప్రతి ఇల్లూ తన కాళ్లమీద తాను నిలబడాలన్నదే అక్కడి ఆదర్శమని ఆయన గుర్తించాడు. ఊరంతటికీ ఒక నాయకుడు లేడు, ఊరంతా కలిసి పనిచేయాలన్న ఆజ్ఞా లేదు. అయినా ఒక ఇంటినుండి మరొక ఇంటికి నిత్యము ఏదో ఒకటి వెళుతూనే ఉంటుంది. ఒకరు గొర్రెను కోస్తే ఒక తొడ ఫలానా ఇంటికి, చేపలు పడితే ఒక గంపెడు ఫలానా ఇంటికి. ఆ 'ఫలానా' అనేది ముఖ్యము. సహాయము ఊరందరికీ సమానముగా పారదు. బంధుత్వము, పడవ భాగస్వామ్యము, పెళ్లిసంబంధము అనే కాలువల వెంట పారుతుంది. పుచ్చుకొన్నవారు ఏదో ఒకనాడు ఏదో ఒక రూపములో తిరిగి ఇస్తారు. లెక్క ఎవరూ వ్రాయరు, ఎవరూ మరచిపోరు.

మన పాఠకులకు దీనిని ఎక్కువగా వివరించనవసరము లేదు. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు పనికి వెళ్లుట మన పల్లెలలో పాత సంగతే. పెళ్లి చదివింపులు నోటుబుక్కులో వ్రాసి దాచుకొనుట నేటికీ ఉన్నది. ట్రిస్టన్‌లో ఆ నోటుబుక్కు మనస్సులోనే ఉంటుందన్నది మాత్రమే భేదము.

ఇంటికప్పు వేయుట దీనికి మంచి ఉదాహరణ. అప్పట్లో ఇళ్లకు న్యూజిలాండ్ నార మొక్క ఆకులతో కప్పు వేసేవారు. అది ఒక్కరి వలన అయ్యే పని కాదు. కప్పు వేసే దినమున పురుషులు పైకెక్కేవారు, కొందరు మోపులు అందించేవారు, ఇంటి స్త్రీలు అందరికీ వండిపెట్టేవారు. కూలి ఇచ్చే మాట లేదు. కూలి ఇస్తామనుట అవమానము, ఎందుకంటే కూలి ఇచ్చిన క్షణమే సంబంధము తెగిపోతుంది. భోజనము పెట్టిన ఇల్లు మాత్రము రేపు మరొకరి కప్పుకు వెళ్లవలసిన ఇల్లుగా మిగులుతుంది. పొడవాటి గుడ్డ పడవలు కూడా ఒక్కొక్కటి కొందరి పొత్తు ఆస్తి. వాటిలో నైటింగేల్ ద్వీపమునకు పక్షుల కొవ్వు, గుడ్లు, ఎరువు కొరకు కలిసి వెళ్లేవారు.

ఊరందరూ కలిసేవి కొన్ని పనులు ఉన్నాయి. గొర్రెల బొచ్చు కత్తిరించే దినము ఒకటి. మరొకటి సంవత్సరమునకు ఒకసారి వచ్చే ఎలుకల వేట దినము. 1882లో 'హెన్రీ బి. పాల్' అనే ఓడ ఒడ్డున పడినప్పుడు ఎలుకలు దిగి, నాటినుండి దుంప మడులకు శత్రువులయ్యాయి. జట్లుగా విడిపోయి ఎవరు ఎక్కువ తోకలు తెస్తారో అని పోటీపడతారు. పనిని ఆటగా మార్చుకొన్న ఈ పద్ధతిలో యువజన కూడికలు నడిపేవారు నేర్చుకోదగినది ఉందని మా అభిప్రాయము.

అపరిచితునికి చేసిన సహాయము ఈ బదులు లెక్కలో చేరదు. 1821లో ఇంగ్లండు నుండి బొంబాయికి వస్తున్న 'బ్లెండెన్ హాల్' ఓడ ప్రక్కనున్న ఇనాక్సెసిబుల్ ద్వీపము మీద పగిలిపోయింది. నెలల తరబడి పెంగ్విన్ మాంసము, గుడ్లు తిని బ్రతికినవారిలో కొందరు చేతికి దొరికిన చెక్కలతో పడవ చేసి ట్రిస్టన్ చేరారు. గ్లాస్, అతని సహచరులు తమ పడవలలో వెళ్లి మిగిలినవారిని తీసుకొనివచ్చారు. అప్పటికి ట్రిస్టన్‌లో ఉన్నది పట్టెడు మంది. బయటివారిని పోషించే స్థోమత వారికెంతో ఊహించవచ్చు. ఆ తరువాత కూడా ఓడ పగిలిన ప్రతిసారీ వారు పడవ దింపారు.

వ్యాపారము పోయి దానము వచ్చింది

ఈ వ్యాసములో మేము ఎక్కువగా నిలిచి చూడదలచిన భాగము ఇది.

19వ శతాబ్దము మధ్యవరకు ద్వీపవాసులు దానము మీద బ్రతకలేదు. తిమింగలాలను వేటాడే అమెరికా ఓడలు, తూర్పు దేశాలకు పోయే తెరచాప ఓడలు ఆగి దుంపలు, మాంసము, మంచినీరు తీసుకొని, బదులుగా పిండి, బట్ట, టీ, పనిముట్లు ఇచ్చేవి. అమెరికా అంతర్యుద్ధము తరువాత తిమింగలాల వేట తగ్గింది. 1869లో సూయజ్ కాలువ తెరచారు. ఆవిరి ఓడలకు గాలివాటుతో పనిలేదు. ఓడలు రావడము మానేశాయి. ద్వీపవాసుల చేతిలో దుంపలు అలాగే ఉన్నాయి, కొనేవాడు లేడు.

1885 నవంబరు 28న 'వెస్ట్ రైడింగ్' అనే ఓడ దూరముగా కనబడింది. వస్తువుల మార్పిడి ఆశతో 15 మంది పురుషులు పడవలో బయలుదేరారు. ఒక్కరూ తిరిగి రాలేదు. ఆ చిన్న ఊరిలో పనిచేయగల పురుషులు కొద్దిమందే మిగిలారు. ఊరు విధవరాండ్ర ఊరయింది. అంతకు ముందు అక్కడ పనిచేసి వెళ్లిన ఎడ్విన్ డాడ్జ్‌సన్ అనే పాదిరి వార్త విని 1886లో తిరిగి వచ్చాడు. బ్రిటిష్ ప్రభుత్వము సరుకులు పంపింది.

డాడ్జ్‌సన్‌ను పంపిన సంస్థ ఎస్.పి.జి. మన నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు ప్రాంతాలలో పనిచేసిన సంస్థ అదే. ద్వీపమునకు దాని మొదటి మిషనరీ విలియమ్ టేలర్ 1851లో వెళ్లాడు. రాయలసీమ సంఘాల చరిత్ర చదివే విద్యార్థులు ఈ రెండు క్షేత్రాలను ప్రక్క ప్రక్కన పెట్టి చూడవచ్చు. రెండు చోట్లా పాదిరి వాక్యము మాత్రమే కాక బడి, మందులు, కరువు సరుకులు కూడా తెచ్చినవాడు.

1886 నాటి సహాయము అవసరమైనదే, దానిలో సందేహము లేదు. తండ్రులు లేని ఇళ్లకు పిండి కావాలి. అయితే అప్పటినుండి ఒక మార్పు మొదలైంది. ఓడ అంటే ఒకప్పుడు బేరము. ఇప్పుడు ఓడ అంటే దయ. 20వ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో 'ఒంటరి ద్వీపము' గురించి ఇంగ్లండు పత్రికలు వ్రాయగా, దయగలవారు బట్టలు, పుస్తకాలు, ఇంటి సామాను పెట్టెలకొద్దీ పంపారు. క్వీన్ మేరీ ఆలయమునకు హార్మోనియము పంపింది. ద్వీపము నుండి ప్రజలను తరలించాలన్న ప్రతిపాదన కూడా 1904లో వచ్చింది. ఎక్కువమంది నిరాకరించారు.

వచ్చిన పెట్టెలను ఎవరు విప్పాలి? ఎవరు పంచాలి? నాయకుడు లేని ఊరిలో ఈ ప్రశ్నకు సిద్ధమైన జవాబు లేదు. పంపినవారికి తెలిసిన పేరు ఒక్కటే, మిషనరీ పేరు. కావున గిడ్డంగి తాళపుచెవి ఆయన చేతికి వచ్చింది. 1930లలో సరుకులను నిలువజేసి, కొలిచి ఇచ్చే పద్ధతి బలపడింది. ఎవడూ మరొకనిపై అధికారము చేయరాదని 1817లో వ్రాసుకొన్న ఊరిలో, పిండి కొలిచి ఇచ్చే వ్యక్తి ఏ ఒప్పందమూ లేకుండానే అధికారి అయ్యాడు. ఆయన మంచివాడా, కఠినుడా అన్నది ఇక్కడ రెండవ మాట. పాదిరి మాటకు ఆలయములో అడ్డు చెప్పగలవాడు కూడా, గిడ్డంగి ముందు వరుసలో నిలబడినప్పుడు చెప్పలేడు. అపొస్తలుల కార్యముల 6వ అధ్యాయములో వడ్డన విషయమై సణుగు పుట్టినప్పుడు అపొస్తలులు ఆ పనిని తమ చేతిలో ఉంచుకోక ఏడుగురికి అప్పగించారు. అది సమయము చాలక చేసిన ఏర్పాటని సాధారణముగా వివరిస్తాము. వాక్యము చెప్పే నోరు, రొట్టె కొలిచే చెయ్యి ఒకరివే కాకుండుట మంచిదన్న వివేకము కూడా దానిలో ఉందేమో పరిశీలించవలసి ఉన్నది.

ద్వీపవాసులు దీనిని ఎలా ఎదుర్కొన్నారు? తిరిగి ఇచ్చుట ద్వారా. పెంగ్విన్ ఈకలతో కుట్టిన చాపలు, చేతితో అల్లిన మేజోళ్లు, పచ్చి తోలుతో చేసిన చెప్పులు, చిన్న నమూనా పడవలు ఓడవారికి, దాతలకు ఇచ్చి పంపేవారు. చూసినవారు వాటిని ముచ్చటైన జ్ఞాపికలుగా తీసుకొని వెళ్లారు. మా దృష్టిలో అవి జ్ఞాపికలు కావు. తిరిగి చెల్లించలేని దానమును, చెల్లించగల బదులుగా మార్చుకొనుటకు ఆ ప్రజలు చేసిన ప్రయత్నము. 1946లో అలన్ క్రాఫర్డ్ అనే ఆయన ద్వీపమునకు తపాలా బిళ్ల ప్రతిపాదిస్తూ దానిమీద వెలను ఒక పెన్నీ అనీ, నాలుగు బంగాళదుంపలు అనీ వేశాడు. డబ్బులేని ఊరు తన దుంపలతోనే వెల కట్టగలదన్న ఆ చమత్కారమును తపాలా అధికారులు ఆమోదించలేదు.

ఇంగ్లండులో రెండు సంవత్సరాలు

1961 అక్టోబరు 10న ఊరి ప్రక్కనే అగ్నిపర్వతము పగిలింది. దాదాపు 260 మందినీ ఖాళీ చేయించి కేప్‌టౌన్ మీదుగా ఇంగ్లండు తీసుకొనివెళ్లారు. చివరకు సౌతాంప్టన్ దగ్గర కాల్షాట్‌లో ఇళ్లు ఇచ్చారు. ఉద్యోగాలు చూపారు. స్వచ్ఛంద సేవకులు బట్టలు, సామాను సమకూర్చారు. ఆ సేవలో లోపము ఎంచుట మా ఉద్దేశము కాదు. శీతాకాలపు జబ్బులతో కొందరు వృద్ధులు చనిపోయారు. పనిచేయగలవారు పనులలో కుదిరారు, జీతము చేతికి వచ్చింది. మంచినీటి కుళాయి, విద్యుత్తు, వైద్యుడు అన్నీ దగ్గరే.

1962లో 12 మంది పురుషులు ముందుగా వెళ్లి ఇళ్లు బాగుచేయుటకు, దుంపలు నాటుటకు పూనుకొన్నారు. డిసెంబరులో ఓటు తీసుకొన్నప్పుడు 148 మంది తిరిగి వెళ్తామన్నారు, ఐదుగురు వద్దన్నారు. 1963లో అత్యధికులు తిరిగి వెళ్లారు. పత్రికలవారు దీనిని నాగరికతను తిరస్కరించుటగా వ్రాశారు. ఆ మాట కొంచెము ఆడంబరమైనది. తరువాత కొందరు మరల ఇంగ్లండు వచ్చారు కూడా. కాని ఒక విషయము మాత్రము నిజము. ఇంగ్లండులో వారికి అన్నీ ఇచ్చారు, వారి దగ్గర పుచ్చుకొనేవాడు లేడు. పొరుగింటికి చేపలు పంపితే ఎందుకు పంపారని ఆశ్చర్యపడే చోట ఇరవై నెలలైనా, ఇరవై సంవత్సరాలైనా అతిథులుగానే ఉండవలసివస్తుంది.

జీతము వచ్చిన తరువాత

రెండవ ప్రపంచ యుద్ధ కాలములో స్థావరము ఏర్పడినప్పుడు ద్వీపములో మొదటిసారి కూలి డబ్బు వచ్చింది. 1949 తరువాత సముద్రపు రొయ్యల వేట, వాటి శుద్ధి కర్మాగారము వచ్చాయి. నేటికీ అదే ప్రధాన ఆదాయము. సముద్రము అనుకూలించిన ఉదయమున గంట మ్రోగిస్తారు. ఆఫీసుల్లో ఉన్నవారు కూడా పడవలకు, కర్మాగారమునకు వెళతారు.

డబ్బు వస్తే బదులు పని చచ్చిపోతుందని మంచ్ వంటివారు భయపడ్డారు. అది పూర్తిగా నిజము కాలేదు, పూర్తిగా అబద్ధమూ కాలేదు. రేకుల కప్పులు వచ్చాక నార కప్పు వేసే దినము పోయింది. దుంప మడులు మాత్రము ఇంటింటికీ ఉన్నాయి. నేల ఎవరికీ సొంతము కాదు, బయటివారు కొనలేరు. ఒక్కొక్క ఇంటికి ఎన్ని ఆవులు, మనిషికి ఎన్ని గొర్రెలు ఉండవచ్చో పరిమితి ఉన్నది. గడ్డి చాలదన్నది ఒక కారణము. ఒక ఇల్లు మిగతావాటిని మించి పెరగరాదన్నది రెండవ కారణము. ఎన్నికైన ఎనిమిదిమందితో, నియమితులైన ముగ్గురితో ద్వీప మండలి ఉన్నది. 'చీఫ్ ఐలాండర్' అనే పదవి ఉన్నది. అంటే నాయకుడు లేని ఊరికి నాయకుడు వచ్చాడు, కాని ఓటుతో వచ్చాడు, గిడ్డంగితో కాదు.

2001 మే నెలలో పెనుగాలి ఆసుపత్రి, సమాజ మందిరము, ఎన్నో ఇళ్ల కప్పులను లేపేసింది. ఓడ రావాలంటే రోజులు పడుతుంది. మొదటి కప్పులు ఊరివారే ఒకరివి ఒకరు వేసుకొన్నారు. సామగ్రికి డబ్బు బయటినుండి వచ్చింది.

2011 మార్చి 16న 'ఒలివా' అనే సరుకు ఓడ నైటింగేల్ బండలకు కొట్టుకొని విరిగింది. ఓడలోని 22 మంది ప్రాణాలతో బయటపడ్డారు. నూనె మాత్రము సముద్రములో పరచుకొని అక్కడి పెంగ్విన్‌లను ముంచింది. ద్వీపవాసులు పడవలలో వెళ్లి 3,700కు పైగా పక్షులను పట్టి తెచ్చారు. దక్షిణ ఆఫ్రికా నుండి నిపుణులు వచ్చేవరకు, వచ్చిన తరువాత కూడా, వాటిని కడుగుట, ఈతకొలనులో ఉంచుట, నోటికి మేత పెట్టుట ఊరి పని అయింది. ఇంత చేసినా సముద్రములోకి తిరిగి వదలగలిగినవి నాలుగు వందల లోపే. ఈ పక్షి బదులు చెల్లించదు. అందులో బంధుత్వపు కాలువ లేదు. అయినా ఊరంతా వెళ్లింది. మంచ్ చెప్పిన సూత్రముతో దీనిని వివరించుట కష్టము. బ్లెండెన్ హాల్ కొరకు పడవ దింపిన అలవాటుతో పోల్చితే కొంత అర్థమవుతుంది. ప్రమాదములో ఉన్నది కనబడినప్పుడు లెక్క చూడకపోవుట కూడా ఆ ఊరి ఆచారములో భాగమే.

బయటి దాతలు నేడు

అలన్ క్రాఫర్డ్ 1987లో ఇంగ్లండులో ట్రిస్టన్ డా కున్యా అసోసియేషన్ స్థాపించాడు. ద్వీపమంటే అభిమానమున్నవారు, అక్కడ పనిచేసి వచ్చినవారు, ఇంగ్లండులో స్థిరపడిన ద్వీపవాసులు దానిలో సభ్యులు. పాత రోజుల పెట్టెలకు దీనికి ఒక భేదము ఉన్నది. ఇక్కడ దాతలు, పుచ్చుకొనేవారు ఒకే సభలో కూర్చుంటారు. కేప్‌టౌన్‌లో, ఇంగ్లండులో చదువుకొనే పిల్లల విషయములో, వైద్యమునకు వెళ్లే రోగుల విషయములో ఇటువంటి పరిచయాలు ఎంత అవసరమో చిన్న ద్వీపము నుండి వెళ్లినవారికే తెలుసు.

కాపరి లేని ఆలయము

ఊరిలో రెండు ఆలయాలు ఉన్నాయి. సెయింట్ మేరీస్ ఆంగ్లికన్ ఆలయము 1923లో కట్టినది. అది కేప్‌టౌన్ అధ్యక్ష మండలము క్రింద ఉన్నది. సెయింట్ జోసెఫ్స్ రోమన్ కథోలిక ఆలయము. ఒకప్పుడు ద్వీపమునకు పాదిరి అంటే ఉపాధ్యాయుడు, వైద్యుడు, న్యాయాధిపతి, గిడ్డంగి అధికారి. నేడు ఆ పనులకు వేరే వ్యక్తులు ఉన్నారు. పాదిరి కూడా ఎల్లప్పుడూ ఉండడు. సంవత్సరాల తరబడి ఎవరూ లేని కాలాలు ఉన్నాయి. అప్పుడు ఊరిలోని లే మినిస్టర్లు ఆదివారపు ఆరాధన నడుపుతారు. వారికి జీతము లేదు. వారమంతా వారు కూడా కర్మాగారములోనో, ఆఫీసులోనో పనిచేసి, గంట మ్రోగిన ఉదయము పడవ ఎక్కేవారే. ఆదివారము ఆలయములో ఎదుట కూర్చున్నవారు సోమవారము అదే పడవలో ప్రక్కన తెడ్డు వేస్తారు. గిడ్డంగి తాళపుచెవి ఇప్పుడు ఆలయములో లేదు, ద్వీపపు దుకాణములో ఉన్నది.